స్పోర్ట్ మోడ్ నొక్కాక బండి ఎలా మారుతుంది, దాన్ని ఎప్పుడు, ఎలా వాడాలి

పికప్ పెరుగుతుందా? మైలేజీ ఎంత పోతుంది? ఘాట్ రోడ్డులో వాడొచ్చా? కొత్తగా ఆటోమేటిక్ కారు కొన్నవాళ్లు స్పోర్ట్ మోడ్ గురించి పదేపదే అడిగేవి ఈ మూడే. వీటికి జవాబు బండిని బట్టి మారుతుంది. మీ బండిలో ఆ బటన్ దేన్ని మారుస్తోందో తెలుసుకోవడమే మొదటి పని.

ఒక్క సంగతి మాత్రం అన్ని బండ్లకూ వర్తిస్తుంది. స్పోర్ట్ మోడ్‌లో ప్రధానంగా మారేది బండి మీ పాదం మాట, చేతి మాట వినే తీరు. రోడ్డును పట్టుకునేది టైర్లు. మీరు ఏ మోడ్‌లో ఉన్నారో వాటికి తెలియదు. నార్మల్‌లో 40 దగ్గర జారే మలుపు స్పోర్ట్‌లోనూ 40 దగ్గరే జారుతుంది.

1. మీ బండిలో ఉన్నది ఏ రకమో తేల్చుకోండి

ఒకే పేరు మీద మూడు రకాల ఏర్పాట్లు ఉన్నాయి.

గేరు లివర్‌లో ఎస్ (స్పోర్ట్): స్కోడా స్లావియా, కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ ఆటోమేటిక్‌లు, హోండా సిటీ సీవీటీ (బెల్టు, పుల్లీలతో పనిచేసే ఆటోమేటిక్) ఈ కోవకు చెందుతాయి. లివర్‌ను డి నుంచి ఎస్‌కు మారిస్తే ప్రధానంగా గేర్‌బాక్సు పద్ధతి మారుతుంది. స్టీరింగు బరువెక్కాలని ఇక్కడ ఎదురుచూడకండి.

డ్రైవ్ మోడ్ నాబ్ లేదా బటన్: హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్ ఆటోమేటిక్‌లలో ఎకో, నార్మల్, స్పోర్ట్ ఉంటాయి. టాటా నెక్సాన్, హ్యారియర్‌లలో ఎకో, సిటీ, స్పోర్ట్. మహీంద్రా ఎక్స్‌యూవీ700 డీజిల్‌లో వీటినే జిప్, జ్యాప్, జూమ్ అన్నారు. వేరియంట్‌ను బట్టి ఉండటం, లేకపోవడం మారుతుంది. ఈ రకంలో ఇంజిన్, గేర్‌బాక్సు, కొన్నిటిలో స్టీరింగు కూడా కలిసి మారతాయి.

ఎలక్ట్రిక్ కార్లలోని స్పోర్ట్: ఇది వేరే జాతి. 9వ భాగంలో చూద్దాం.

ఇప్పుడు ఓనర్స్ మాన్యువల్ తీసి, డ్రైవ్ మోడ్ పేజీ తెరిచి, వీటిలో ఏవి మారతాయని రాశారో టిక్ పెట్టుకోండి.

☐ యాక్సిలరేటర్ స్పందన
☐ గేర్లు మారే సమయం
☐ స్టీరింగు బరువు
☐ షాక్ అబ్జార్బర్ల బిగువు
☐ ఈఎస్‌సీ, అంటే బండి జారకుండా కాచే వ్యవస్థ, జోక్యం చేసుకునే స్థాయి

మన దగ్గర 20 లక్షల లోపు అమ్ముడయ్యే చాలా కార్లలో మొదటి రెండింటికే టిక్ పడుతుంది. మూడోది కొన్నిటిలోనే ఉంటుంది. చివరి రెండూ ఎక్కువగా ఖరీదైన బండ్ల సొత్తు. పోయేదేమీ లేదు, నడిపే అనుభూతిలో ఎక్కువ తేడా తెచ్చేవి ఆ మొదటి రెండే.

2. ఒక్కొక్కటి ఎలా మారుతుంది

యాక్సిలరేటర్: ఇప్పటి కార్లలో పెడల్ నుంచి ఇంజిన్‌కు తీగ ఉండదు. పెడల్ దగ్గరి సెన్సర్ ఎంత తొక్కారో కంప్యూటర్‌కు చెబుతుంది. గాలి కవాటాన్ని ఎంత తెరవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. స్పోర్ట్‌లో ఈ లెక్క మారుతుంది. ఉదాహరణకు, నార్మల్‌లో పెడల్ మూడో వంతు తొక్కితే ఇంజిన్ బలంలో మూడో వంతు వస్తోందనుకుంటే, స్పోర్ట్‌లో అదే తొక్కుడికి సగం రావచ్చు. పూర్తిగా తొక్కితే మాత్రం పెట్రోల్, డీజిల్ కార్లలో చాలావాటికి నార్మల్‌లోనూ స్పోర్ట్‌లోనూ వచ్చే గరిష్ఠ శక్తి ఒక్కటే. కొన్ని బండ్లలో ఎకో మోడ్ శక్తికి పరిమితి పెడుతుంది. ఎకో నుంచి నేరుగా స్పోర్ట్‌కు వచ్చినవాళ్లకు బండి రెట్టింపు బలమైనట్టు అనిపించేది అందుకే.

బజారులో వేలు పోసి కొనే పెడల్ బాక్సు పరికరాలు చేసే పని కూడా ఇంతే, పెడల్ సంకేతాన్ని పెంచి పంపడం. స్పోర్ట్ మోడ్ ఉన్న బండికి అది దండగ. పైగా వారంటీ గొడవ.

గేర్‌బాక్సు: అసలు తేడా ఇక్కడ ఉంది. నార్మల్‌లో గేర్‌బాక్సు ఇంధనం కోసం పాకులాడుతుంది, 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్యే పై గేరు వేసేస్తుంది. స్పోర్ట్‌లో గేరును ఎక్కువసేపు పట్టుకుంటుంది, పెడల్ కొంచెం నొక్కినా కింది గేరుకు దిగుతుంది, పాదం తీసినా పై గేరుకు తొందరపడదు. కొన్ని గేర్‌బాక్సులు స్పోర్ట్‌లో అన్నిటికంటే పై గేరును అసలు వాడవు.

చిన్న టర్బో (గాలిని ఒత్తి లోపలికి నెట్టే పరికరం ఉన్న) పెట్రోల్ ఇంజిన్లకు ఇది బాగా పనికొస్తుంది. ఒక లీటరు టర్బో 1,500 దగ్గర బద్ధకంగా ఉంటుంది, 2,000 దాటాక మేలుకుంటుంది. స్పోర్ట్ మోడ్ ఇంజిన్‌ను ఆ మేలుకున్న చోటే ఉంచుతుంది. జనం పికప్ పెరిగింది అనేది దీన్నే.

గేర్‌బాక్సు రకాన్ని బట్టి అనుభవం మారుతుంది. డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల గేర్‌బాక్సు, గేర్లు చకచకా వేస్తుంది. టార్క్ కన్వర్టర్, అంటే ద్రవం ద్వారా బలాన్ని పంపే ఆటోమేటిక్, కాస్త నింపాదిగా, నునుపుగా వేస్తుంది. సీవీటీలో గేర్లు ఉండవు కాబట్టి ఇంజిన్ చప్పుడు ముందు పెరిగి, వేగం వెనక వస్తుంది. ఏఎంటీలో, అంటే మాన్యువల్ గేర్‌బాక్సుకే కంప్యూటర్ గేర్లు వేసే రకంలో, స్పోర్ట్ నొక్కినా గేరు మారేటప్పటి ఆ చిన్న తల ఊపు పోదు, అది ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర జరుగుతుంది, అంతే.

స్టీరింగు: ఎలక్ట్రిక్ స్టీరింగులో మోటారు మీ చేతికి సాయం చేస్తుంది. స్పోర్ట్‌లో ఆ సాయం తగ్గుతుంది కాబట్టి బరువుగా అనిపిస్తుంది. చక్రం ఎంత తిప్పితే టైరు ఎంత తిరుగుతుందన్న నిష్పత్తి, దాన్ని మార్చే ప్రత్యేక ఏర్పాటున్న కొద్ది బండ్లలో తప్ప, మారదు. బరువు పెరిగినంత మాత్రాన టైరు కింద ఏం జరుగుతోందో చేతికి ఎక్కువ తెలుస్తుందనుకోవడం భ్రమ. హైవేలో నిలకడగా పట్టుకోవడానికి మాత్రం ఆ బరువు హాయిగా ఉంటుంది.

షాక్ అబ్జార్బర్లు: ఎలక్ట్రానిక్‌గా బిగువు మార్చుకునేవి ఉంటేనే మారతాయి. ఉంటే మలుపుల్లో బండి ఒరగడం, బ్రేకు వేస్తే ముక్కు వంచడం తగ్గుతాయి. మామూలు షాకులున్న బండి స్పోర్ట్‌లో గట్టిపడింది అనిపిస్తే, అది చురుకైన పెడల్ వల్ల కలిగే కుదుపు.

ఈఎస్‌సీ: కొన్ని ఖరీదైన బండ్లలో స్పోర్ట్ నొక్కగానే ఇది కొంచెం ఆలస్యంగా కలగజేసుకుంటుంది. మాన్యువల్‌లో అలా రాసి ఉంటే బాగా గుర్తుపెట్టుకోండి. జారే బండి బొమ్మ ఉన్న ఆఫ్ బటన్‌ను మామూలు రోడ్డు మీద ముట్టుకోవద్దు. ఇసుకలో, బురదలో కూరుకుపోయిన బండిని బయటికి తీయడానికే దాని అవసరం.

3. బయల్దేరే ముందు తయారీ

స్పోర్ట్ మోడ్ తేడా తెలియాలంటే ముందు బండి సరిగ్గా ఉండాలి. గాలి తక్కువైన టైర్ల మీద ఏ మోడ్ అయినా ఒకేలా మెత్తగా, ఆలస్యంగా మలుపు తిరుగుతుంది.

టైరు గాలి: డ్రైవర్ తలుపు చట్రం దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న పీఎస్ఐ (గాలి ఒత్తిడి అంకె) పెట్టించండి. బండిని బట్టి సాధారణంగా 30 నుంచి 36 మధ్య ఉంటుంది. నలుగురూ సామానూ ఉంటే వేరే అంకె ఉంటుంది, అది చూడండి. కొలవాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే బండి 3 గంటలు ఆగి ఉన్నప్పుడు, లేదా 2 కిలోమీటర్ల లోపే నడిచినప్పుడు. లోపలి గాలి వేడి 5, 6 డిగ్రీలు పెరిగితే దాదాపు 1 పీఎస్ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం హైవే మీద 38 చూపించిందని గాలి తీయించకండి. చల్లబడ్డాక తక్కువైపోతుంది.

టైరు వయసు: పక్క గోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2322 అంటే 2022లో 23వ వారం తయారైంది. ఐదారేళ్లు దాటిన టైరుకు గాడి లోతు ఉన్నా రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. గాడి లోతు చట్టప్రకారం కనీసం 1.6 మిల్లీమీటర్లు. వానాకాలానికి 3 కంటే తగ్గనివ్వకపోవడం మేలు.

బ్రేకు ఆయిల్: ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ ప్రమాణం 155కు పడిపోతుంది. రెండేళ్లకోసారి మార్పించాలి. ఘాట్ దిగేటప్పుడు ఈ తేడాయే ప్రాణం కాపాడేది.

బయల్దేరే ముందు చెక్‌లిస్టు:

☐ గాలి చల్లగా ఉన్నప్పుడు కొలిచారు, స్టెప్నీతో సహా
☐ స్టీరింగు ఒక పక్కకు లాగడం లేదు, లాగితే అలైన్‌మెంట్ చేయించాలి
☐ బ్రేకు ప్యాడ్లు, ఆయిల్ చూపించారు
☐ డిక్కీలో దొర్లే నీళ్ల క్యాన్లు, సామాను కట్టేశారు
☐ డ్రైవర్ పాదాల దగ్గర సీసా, వదులు మ్యాట్ లేవు
☐ కొత్త బండైతే మొదటి 1,000 కిలోమీటర్లు పూర్తయ్యాయి

పాదాల దగ్గరి మ్యాట్‌ను తేలిగ్గా తీసుకోకండి. చురుకైన పెడల్‌కు మ్యాట్ అంచు తగులుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

4. తేడాను పరీక్షించే పద్ధతి

ఖాళీగా, తిన్నగా, కనుచూపు మేర కనబడే రోడ్డు కావాలి. ఆదివారం ఉదయం ఏదైనా లేఅవుట్ లోపలి రోడ్డు సరిపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద, రద్దీ హైవే మీద వద్దు. ఇంజిన్ 10, 15 నిమిషాలు నడిచి వేడెక్కాకే మొదలుపెట్టండి. చల్లటి ఇంజిన్‌ను పై ఆర్‌పీఎంలో తిప్పకూడదు, అప్పుడు గేర్‌బాక్సు కూడా అసలు స్వభావం చూపించదు.

మొదటి పరీక్ష, గేరు: నార్మల్‌లో 40 వేగం నిలకడగా ఉంచి ఆర్‌పీఎం ముల్లు చూడండి. పాదం కదపకుండా స్పోర్ట్ నొక్కండి. ముల్లు 1,500 చుట్టుపక్కల నుంచి 2,200 దాకానో, ఆపైకో ఎగబాకితే మీ గేర్‌బాక్సు గేరు దించిందన్నమాట. ఎంత పెరిగిందో, ఎన్ని సెకన్లకు పెరిగిందో రాసుకోండి. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఈ అంకె కావాలి.

రెండో పరీక్ష, పెడల్: నార్మల్‌లో ఆగిన చోటి నుంచి, పెడల్‌ను పావు వంతు తొక్కి అలాగే ఉంచి, 30 వేగానికి రావడానికి పట్టే సమయం పక్కవాళ్ల చేత కొలిపించండి. స్పోర్ట్‌లో అదే తొక్కుడుతో మళ్లీ చేయండి. తర్వాత పెడల్ పూర్తిగా తొక్కి రెండు మోడ్‌లలోనూ 20 నుంచి 50కి కొలవండి. మొదటి జతలో తేడా పెద్దగా ఉండి రెండో జతలో చిన్నగా ఉంటే, మీ స్పోర్ట్ మోడ్ పెంచింది స్పందననే, శక్తిని కాదు.

మూడో పరీక్ష, పాదం తీయడం: స్పోర్ట్‌లో 50 దగ్గర పాదం పూర్తిగా తీయండి. నార్మల్‌లో కంటే బండి గట్టిగా వెనక్కి పట్టినట్టు నెమ్మదిస్తుంది. కింది గేరులో ఇంజిన్ బ్రేకింగ్, అంటే పెడల్ వదిలితే ఇంజినే బండిని వెనక్కి పట్టడం, ఎక్కువ కాబట్టి. పాదం తీసినా బ్రేకు లైటు వెలగదు, వెనక వచ్చేవాళ్లకు మీరు నెమ్మదిస్తున్న సంగతి తెలియదు. ట్రాఫిక్‌లో పెడల్‌ను కొద్దికొద్దిగా వదలడం అలవాటు చేసుకోవాలి.

నాలుగో పరీక్ష, స్టీరింగు: 30 వేగంలో ఒకే మలుపును రెండు మోడ్‌లలోనూ తిరగండి. చేతికి బరువు మారిందా అన్నదొక్కటే చూడండి. వేగం పెంచి పట్టు ఎంతో తేల్చే పని పెట్టుకోకండి.

5. పాదాన్ని, చేతుల్ని మళ్లీ అలవాటు చేయడం

స్పోర్ట్‌లో బండి కుదుపుగా నడుస్తోందన్న ఫిర్యాదుల్లో చాలావరకు బండి తప్పు కాదు. పాదం పాత లెక్కలోనే ఉంది.

మడమను నేలకు ఆనించి, చీలమండను మాత్రమే ఆడిస్తూ పాదం ముందు భాగంతో పెడల్ నొక్కండి. మడమ గాలిలో ఉంటే రోడ్డు మీది ప్రతి గతుకూ కాలి ద్వారా పెడల్‌కు, పెడల్ నుంచి ఇంజిన్‌కు వెళ్లి బండి ఎగిరెగిరి పడుతుంది. సీటు కాస్త ముందుకు జరుపుకుంటే ఈ పట్టు సులువుగా కుదురుతుంది.

చేతులు స్టీరింగు మీద 9, 3 గంటల స్థానాల్లో ఉండాలి. బండికి ప్యాడిళ్లు, అంటే స్టీరింగు వెనక గేరు మార్చే మీటలు, ఉంటే అవి అక్కడే వేళ్లకు అందుతాయి.

పక్క సీటులో కూర్చున్నవారి తలను కొలమానంగా పెట్టుకోండి. మీరు పెడల్ నొక్కినా, వదిలినా, బ్రేకు వేసినా ఆ తల ఊగకూడదు. పది నిమిషాలు ఊగకుండా నడపగలిగితే పాదం కుదిరినట్టే. వెనక సీటులో పిల్లలు వాంతి వస్తోందంటే ఇంకా కుదరలేదని అర్థం!

6. ఓవర్‌టేక్ చేసేటప్పుడు

రెండు వరుసల రోడ్డు మీద స్పోర్ట్ మోడ్ అసలైన లాభం ఇక్కడే. అయితే ముందు దూరం లెక్క చూడండి.

లారీ 45 వేగంతో పోతోంది, మీరు 65కు చేరుకుని దాటుతున్నారు. లారీ పొడవు 10 మీటర్లు, వెనకా ముందూ 15 చొప్పున ఎడం, మీ బండి 4 మీటర్లు కలిపితే మీరు అదనంగా పోవాల్సింది 44 మీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల తేడాతో దీనికి దాదాపు 8 సెకన్లు పడుతుంది. ఆ 8 సెకన్లలో మీరు 140 మీటర్లకు పైగా పోతారు. ఎదురుగా అదే వేగంతో వచ్చే బండీ అంతే దూరం వస్తుంది. అంటే కనీసం 290 మీటర్ల ఖాళీ రోడ్డు కనబడాలి. 45 నుంచి 65కు చేరే సమయం దీనికి అదనం. స్పోర్ట్ మోడ్ తగ్గించేది ఆ చివరి ముక్కనే.

క్రమం ఇది:

1) లారీకి బాగా వెనకే ఉండండి. అతుక్కుపోతే ముందు రోడ్డు కనబడదు.
2) దాటాలనుకున్న దానికి 4, 5 సెకన్ల ముందే స్పోర్ట్ నొక్కండి. గేరు దిగి, ఆర్‌పీఎం పెరిగి, కుదురుకోనివ్వండి.
3) అద్దం, ఇండికేటర్, అవసరమైతే హారన్.
4) రోడ్డు ఖాళీ అని ఖాయమయ్యాకే పెడల్‌ను ఒక ఒరవడిలో తొక్కండి.
5) లారీ ముందు భాగం లోపలి అద్దంలో మొత్తం కనబడ్డాక ఎడమకు రండి.
6) నార్మల్‌కు మార్చేయండి.

ఎక్కువమంది తప్పు చేసేది రెండో మెట్టు దగ్గర. కుడి వరుసలోకి వచ్చాక బటన్ వెతుకుతారు. కళ్లు రోడ్డు మీది నుంచి పోతాయి, గేరు దిగడానికి పట్టే సెకను కూడా అక్కడే ఖర్చవుతుంది. బటన్ అందుబాటులో లేని బండైతే మోడ్ జోలికి పోకుండా పెడల్‌ను అడుగుదాకా తొక్కండి. గేర్‌బాక్సు నార్మల్‌లోనే ఒకటి రెండు గేర్లు దించుతుంది.

7. ఘాట్ ఎక్కేటప్పుడు

మారేడుమిల్లి, పాడేరు, అరకు దారి అనంతగిరి, ఎటు వెళ్లినా ఎక్కుడులో నార్మల్ మోడ్ చేసే చికాకు ఒకటే. మలుపు ముందు పాదం తీయగానే పై గేరు వేస్తుంది, మలుపు దాటి తొక్కగానే తడబడి కింది గేరు వెతుక్కుంటుంది. స్పోర్ట్ ఈ వెతుకులాటను చాలావరకు ఆపుతుంది.

మలుపులో క్రమం:

1) బ్రేకు తిన్నని రోడ్డు మీదే పూర్తి చేయండి.
2) గేరు అక్కడే దిగనివ్వండి, లేదా ప్యాడిల్‌తో దించండి.
3) పాదం తేలిగ్గా, నిలకడగా ఉంచి మలుపు తిరగండి.
4) మలుపు చివర కనబడి, స్టీరింగు తిన్నగా వస్తున్నప్పుడే పెడల్ పెంచండి.

మూడో, నాలుగో మెట్లు తారుమారైతే వచ్చే చిక్కు ఇది. మన కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవి. ఆ రెండు టైర్లే తిరగాలి, అవే లాగాలి. మలుపు మధ్యలో స్పోర్ట్ పెడల్‌ను కాస్త గట్టిగా నొక్కితే లాగడానికే పట్టంతా ఖర్చయి, బండి ముక్కు మలుపు బయటికి పోతుంది. అప్పుడు స్టీరింగు ఇంకా తిప్పడం తప్పు. పాదం నెమ్మదిగా వదిలి, స్టీరింగు కొద్దిగా సడలిస్తే టైరు మళ్లీ పట్టుకుంటుంది.

ఆటోమేటిక్‌లలో మలుపు మధ్యలో గేరు మారితే బండి తూలుతుంది. ఏఎంటీలో ఇది మరీ ఎక్కువ. హెయిర్‌పిన్ మలుపుల దగ్గర ఏఎంటీని మాన్యువల్ వైపు తోసి రెండో గేరులో ఉంచేయడమే మంచిది.

వేగం గురించి ఒక్క లెక్క: మలుపులో టైరు మోయాల్సిన బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 40 బదులు 50లో వెళ్తే 56 శాతం ఎక్కువ, 60లో వెళ్తే రెండుంపావు రెట్లు. స్పోర్ట్‌లో చప్పుడు, చురుకు వల్ల 50 కూడా 40లా అనిపిస్తుంది. అందుకే మలుపు ముందు చెవిని నమ్మకుండా ముల్లును చూడండి.

రేసుల్లోలా మలుపును అడ్డంగా కోసి పోవడం ఘాట్‌లో పనికిరాదు. అవతల ఆర్టీసీ బస్సు ఉంటుంది. మీ వరుసలోనే, హారన్ కొడుతూ తిరగండి. దారి ఇరుకైన చోట దిగే బండే ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది నియమం.

డీసీటీ బండి ఉన్నవారికి: ఎక్కుడులో ట్రాఫిక్ ఆగి ఆగి కదులుతుంటే బండిని యాక్సిలరేటర్ మీద నిలబెట్టకండి. క్లచ్ సగం పట్టి, సగం జారి వేడెక్కుతుంది. బ్రేకు వేసి ఆపండి, ముందు బండి రెండు మూడు బండ్ల దూరం పోయాక ఒకేసారి కదలండి. గేర్‌బాక్సు వేడి హెచ్చరిక వస్తే క్షేమమైన చోట పక్కకు తీసి, పీ (పార్క్)లో పెట్టి, ఇంజిన్ ఆపకుండా, మాన్యువల్ చెప్పినట్టు చల్లారనివ్వండి.

8. ఘాట్ దిగేటప్పుడు

స్పోర్ట్‌లో పెట్టాం కదా, అదే చూసుకుంటుంది అనుకోవద్దు. అది ఇంజిన్ బ్రేకింగ్‌కు సాయం చేస్తుంది, కానీ ఏ గేరులో ఉండాలో తానే నిర్ణయిస్తుంది. దిగుడులో ఆ నిర్ణయం మీ చేతిలో ఉండాలి.

ప్యాడిళ్లు లేదా మాన్యువల్ స్థానం ఉంటే రెండు, మూడు గేర్ల మధ్య ఉంచండి. ఎక్కడానికి ఏ గేరు అవసరమైందో దిగడానికీ దాదాపు అదే అన్న లారీ డ్రైవర్ల లెక్క కార్లకూ సరిపోతుంది. సీవీటీలో ఎల్ (లో) స్థానం ఉంటే వాడండి. పాదం తీసి గేరులో దిగుతున్నప్పుడు ఇంజిన్‌కు ఇంధనం సరఫరా ఆగిపోతుంది కాబట్టి, ఆర్‌పీఎం 3,000 ఉన్నా పెట్రోల్ తగలబడుతోందని కంగారు పడక్కర్లేదు. న్యూట్రల్‌లో దించడం మాత్రం ఎప్పుడూ వద్దు.

బ్రేకు మీద పాదం ఆనించి ఉంచొద్దు. గట్టిగా నొక్కి, వేగం తగ్గించి, వదిలేయండి. మధ్యలో చల్లారడానికి వ్యవధి దొరుకుతుంది.

కాలిన వాసన వచ్చినా, పెడల్ మెత్తబడి లోపలికి దిగినా వెంటనే కింది గేరు వేసి, చదును చోట పక్కకు తీసి ఆపండి. కనీసం అరగంట. డిస్కుల మీద నీళ్లు పోస్తే వంకరపోవచ్చు. చక్రం కింద రాయి పెట్టండి, వెళ్లేటప్పుడు ఆ రాయిని రోడ్డు మీదే వదిలేసి పోకండి.

9. ఎలక్ట్రిక్ కార్లలో

పెట్రోల్ కార్లకు భిన్నంగా ఇక్కడ మోడ్‌ను బట్టి శక్తే మారవచ్చు. చాలా బండ్లలో ఎకో, సిటీ మోడ్‌లు మోటారుకు పరిమితి పెడతాయి, స్పోర్ట్ దాన్ని ఎత్తేస్తుంది. మోటారు బలం ఆగిన చోటి నుంచే అందుతుంది కాబట్టి తడి రోడ్డు మీద, సిగ్నల్ దగ్గరి తెల్ల గీతల మీద మోటారు నడిపే టైర్లు గిర్రున తిరగవచ్చు.

రేంజి గురించి భయం ఎక్కువ, నిజం తక్కువ. ఒకే గేరు ఉన్న ఎలక్ట్రిక్ కారు 80 వేగంలో నిలకడగా పోతుంటే ఏ మోడ్‌లో ఉన్నా ఖర్చు దాదాపు ఒకటే. గుంజి తోలడం, వేగం పెంచడం వల్లే బ్యాటరీ కరుగుతుంది. పెట్రోల్ ఆటోమేటిక్‌లో అలా కాదు. స్పోర్ట్‌లో అదే 80ని ఎక్కువ ఆర్‌పీఎంలో లాగుతుంది, మైలేజీ పడిపోతుంది. హైవేలో దాన్ని నార్మల్‌లోనే ఉంచాలి.

పాదం తీస్తే బ్యాటరీలోకి కరెంటు తిరిగి పంపే రీజెన్ స్థాయి చాలా బండ్లలో మోడ్‌తో సంబంధం లేకుండా వేరుగా మార్చుకోవాలి. కొండ మీద 100 శాతం ఛార్జ్ చేసి దిగడం మొదలుపెడితే, నిండిన బ్యాటరీలో కరెంటుకు చోటు ఉండదు, రీజెన్ బాగా తగ్గిపోతుంది. ఎక్కేటప్పుడు పాదం తీయగానే బండిని వెనక్కి పట్టిన ఆ రీజెన్ దిగేటప్పుడు మాయమైనట్టుంటుంది. కొండ మీద 80, 85 శాతం దగ్గరే ఛార్జింగ్ ఆపండి.

10. స్పోర్ట్ తీసేయాల్సిన చోట్లు

☐ వాన, ముఖ్యంగా మొదటి జల్లు. రోడ్డు మీది నూనె, దుమ్ము తడిసి సబ్బులా అవుతాయి
☐ కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం, మొక్కజొన్న ఆరబోసిన చోట్లు. గింజల మీద టైరు గోళీల మీద నడిచినట్టే
☐ ఇసుక లారీలు తిరిగే రోడ్లు, కంకర పరచిన చోట్లు
☐ నగరంలో బంపర్‌కు బంపర్ ట్రాఫిక్, పార్కింగ్
☐ నల్లమల గుండా వెళ్లే శ్రీశైలం దారి వంటి అడవి రోడ్లు. జంతువు ఎదురైతే చురుకైన పెడల్ ఏమీ చేయలేదు

వానలో తీసేయమనడానికి కారణం పెడల్ చురుకే. ముందు చక్రాలు తేలిగ్గా జారుతాయి. పాదం తీసినా గట్టి ఇంజిన్ బ్రేకింగ్ వల్ల మలుపులో బరువు ఒక్కసారిగా ముందుకు దూకి, వెనక చక్రాలు తేలికవుతాయి.

11. ఏదైనా తేడాగా ఉంటే

స్పోర్ట్ నొక్కినా ఏమీ మారలేదు: ఇంజిన్ ఇంకా చల్లగా ఉండొచ్చు. పెడల్ తొక్కకుండానే వేగాన్ని నిలిపే క్రూజ్ కంట్రోల్ ఆన్‌లో ఉంటే కొన్ని బండ్లు మోడ్ మారనివ్వవు. మాన్యువల్ గేరు బండైతే మారేది ఎక్కువగా పెడల్ స్పందనే.

ప్రతిసారీ నార్మల్‌కు వచ్చేస్తోంది: చాలా బండ్లలో ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అంతే. లోపం కాదు.

ఆర్‌పీఎం పెరుగుతోంది, వేగం పెరగడం లేదు: సీవీటీలో కొంతవరకు సహజం. డీసీటీలో అలా ఉంటే క్లచ్ జారుతోంది, వర్క్‌షాపుకు తీసుకెళ్లండి.

గట్టిగా తొక్కితే స్టీరింగు ఒక పక్కకు లాగుతోంది: బలమైన ముందు చక్రాల బండ్లలో కొద్దిగా ఉంటుంది. నార్మల్‌లో, నిలకడ వేగంలో కూడా లాగితే గాలి, అలైన్‌మెంట్ చూపించండి.

40, 50 దగ్గర గేరు ఎక్కుతూ దిగుతూ తడబడుతోంది: ఆ వేగానికి స్పోర్ట్ సరిపడదు. నార్మల్‌కు రండి. అక్కడా అలాగే ఉంటే గేర్‌బాక్సు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందేమో సర్వీసులో అడగండి.

హుషారుగా నడిపి ఆగగానే వేడి వాసన, ఫ్యాన్ హోరు: టర్బో ఇంజిన్ బాగా వేడెక్కింది. గమ్యానికి చివరి రెండు కిలోమీటర్లు నార్మల్‌లో నింపాదిగా నడిపి, అప్పుడు ఇంజిన్ ఆపండి. ఆపిన తర్వాత కూడా ఫ్యాన్ కాసేపు తిరిగితే కంగారు పడి బ్యాటరీ తీగ పీకాల్సిన పని లేదు, అదే ఆగిపోతుంది.